నాన్న బీటు

మంగళవారం

ఇది నా నంబరే. మన నంబర్‌కి మనమే మెసేజ్ పెట్టుకోవచ్చని జిమ్ములో ఎవరో అంటుంటే విన్నా. పెట్టి చూశా. వెళ్ళింది. అవతల జవాబు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. హాయిగా ఉంది.

నాకు రాయడం సరిగ్గా రాదు. తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే కదా.

బుధవారం

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్ల మీద చప్పుడు వింటే చాలు, ఎవరో చెప్పేస్తా. అమ్మ ఆగి ఆగి ఎక్కుతుంది, చేతిలో లాండ్రీ మూటలు ఉంటాయి కాబట్టి. కింది ఇంటి పిల్లలు గుర్రాలే. నాన్న మాత్రం ఎక్కినట్టే తెలిసేది కాదు. తలుపు తీసి లోపల నిలబడ్డాక చూసేవాళ్ళం. పోస్ట్‌మ్యాన్ కాళ్ళు.

ఇప్పుడు తెలుస్తుంది. ధం... త. ధం... త. ధం అంటే మంచి కాలు. త అంటే విరిగి అతికిన కాలు. ఆ రెండింటి మధ్యలో కర్ర.

వానలో ఎవరింటి మెట్ల మీదో జారాడు. ఉత్తరాలు తడవకూడదని సంచి నెత్తి మీదకి ఎత్తి పట్టుకున్నాడు. అందుకే చెయ్యి ఆన్చలేదు. తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేశారు. ఉత్తరాలు ఒక్కటి కూడా తడవలేదంట. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ముందు ఆ ముక్కే చెప్తాడు.

గురువారం

ముద్దరపిన్ని వచ్చింది. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్దర్లు కొట్టే గదికి ఆవిడే పెద్ద. మనిషి బక్కగా ఉంటుంది కానీ కుడి చెయ్యి పహిల్వాన్ చెయ్యి.

నెలాఖరు శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడంట. నాన్న నిండు సంచి వేసుకుని ఆఫీసు ఆవరణ మొత్తం చుట్టి, వెనక మెట్లు ఎక్కి దిగాలి. కర్ర ఉండకూడదు. మధ్యలో ఆగకూడదు. ఆగితే నాన్న బీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు.

బీటు అంటే నాన్న రోజూ తిరిగే వీధులు. బజారు వెనక మొదలై గుట్ట మీద చివరి ఇంటి దాకా. పోస్టాఫీసులో అందరూ అలాగే అంటారు. నేను పుట్టకముందు నుంచీ ఆ బీటు నాన్నదే.

బీటు పోతే ముద్దర్ల గదిలో కూర్చోవాలి. పిన్ని నవ్వించడానికి చూసింది. మా గదికి రండి బావగారూ, ఫ్యాను ఉంది, కుర్చీకి దిండు కూడా వేయిస్తా అంది. నాన్న మర్యాదకి నవ్వాడు. ఆవిడ మెట్లు దిగాక ఇంక నవ్వలేదు.

కూర్చుని చేసే పనైతే నష్టం ఏముంది అని అమ్మ మెల్లిగా అడిగింది.

నాన్న అన్నాడు: "ముద్దర కొట్టి వదిలేస్తే అది చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? తీసుకునేవాళ్ళ మొహం చూడొద్దా?"

శుక్రవారం

నాన్నని ఫిజియో మేడం దగ్గరికి తీసుకెళ్ళా. ఎముక బాగా అతుక్కుంది, కాలు బరువు మోస్తుంది, మీరే మొయ్యనివ్వడం లేదు అంది. కాలు నేలకి తగలగానే నిప్పు తొక్కినట్టు తీసేస్తున్నారంట. అందుకే ధం పొడుగ్గా, త పొట్టిగా.

నాన్న తల ఊపాడు. బయటికి వచ్చాక, ఆవిడకేం, ఆవిడ కాలా అన్నాడు.

సోమవారం

నేను పనిచేసేది జిమ్ములో. ట్రెడ్‌మిల్లులు తుడవడం, బరువులు సర్దడం, తువ్వాళ్ళు మడతపెట్టడం. ఎవరితో మాట్లాడక్కర్లేదు, అందుకే బాగుంటుంది. కోచ్‌ని అందరూ కండలన్న అంటారు. ఆయన నాకు సైలెంట్ మోడ్ అని పేరు పెట్టాడు.

ఇవాళ ఒక లావుపాటి ఆయన ట్రెడ్‌మిల్లు మీద తడబడుతున్నాడు. కాళ్ళు ఒక దారి, బెల్టు ఒక దారి. కండలన్న చొక్కాకి తగిలించుకునే చిన్న ప్లేయర్ తెచ్చి, పాట మార్చి, ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాడు. కాసేపటికి కాళ్ళు కుదిరిపోయాయి. ఆయనకి తెలియను కూడా తెలియలేదు.

నేను తుడవడం మానేసి చూస్తున్నా. కండలన్న పట్టేశాడు. తిడతాడు అనుకున్నా. చెప్పాడు.

"కాళ్ళకి చెవులుంటాయిరా. నీకు కావాల్సిన స్పీడు పెట్టకు. వాడు ఇప్పుడు ఎలా నడుస్తున్నాడో ఆ బీటున్న పాట పెట్టు. కాలు కుదిరాక పిసరంత పెంచు. వాడికి తెలియనివ్వకు."

బీటు అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చేదాకా నా బుర్రలోంచి పోలేదు.

మంగళవారం

అడగాలి.

బుధవారం

రేపు అడుగుతా.

గురువారం

అడిగా. అడిగానంటే, ప్లేయర్ వైపు చూపించి, నాన్న అన్నా. అంతే వచ్చింది నోట్లోంచి. కండలన్నకి అర్థమైంది. ఎవరో వదిలేసిపోయిన ప్లేయర్ ఇంకొకటి డ్రాయర్‌లో ఉంటే అది ఇచ్చాడు. మూత పగిలింది కానీ పాడుతుంది. పాటని నిదానం చేసే బటన్, స్పీడు చేసే బటన్ ఉన్నాయి. ఇదే కావాలి.

శనివారం

జిమ్ములో పాటలన్నీ ఎక్కించుకుని వచ్చా. నాన్న వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంటే పెట్టా. కుదరలేదు. పాట ధం ధం ధం ధం అంటుంది. నాన్న ధం... త అంటాడు. త తర్వాతి అడుగు ప్రతిసారీ ముందే పడిపోతుంది. నిదానం చేశా. అయినా అంతే. గోడ పట్టుకుని ఆగిపోయాడు. ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు, విసరలేదు. నాన్నకి కోపం రాలేదు.

ఆదివారం

కోపం రాలేదు. అలసిపోయాడు, అంతే.

బుధవారం

దొరికింది

దొరికింది దొరికింది

అమ్మ వంటింట్లో దుప్పట్లు మడతపెడుతూ కూనిరాగం తీస్తుంది. రోజూ తీస్తుంది, నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు. మాటలేం ఉండవు. ఊ...ఊ, ఊ...ఊ. అదే సమయానికి నాన్న వరండాలో నడుస్తున్నాడు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. అమ్మ గొంతు, నాన్న కాళ్ళు ఒకటే. వాళ్ళిద్దరికీ తెలియదు. నేను ఒక్కడినే మధ్యలో నిలబడి వింటున్నా.

ఇన్నాళ్ళూ నేను వెతికింది సమానంగా నడిచేవాళ్ళ పాటలు. నాన్నకి కావాల్సింది ఊగే పాట.

అమ్మకి తెలియకుండా ఫోన్‌లో రికార్డు చేశా. వైరు పెట్టి ప్లేయర్‌లోకి ఎక్కించా. వెనకాల కుక్కర్ కూత కూడా పడింది. పోనీ.

నాన్నకి చెప్పి వస్తా.

బుధవారమే

నేను ఒట్టి గాడిదని.

గురువారం

నిన్న జరిగింది రాయాలి. రాస్తే బరువు దిగుతుందేమో.

నాన్న కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను పరిగెత్తుకుని వెళ్ళి, "నాన్నా, నీ బీటు దొరికింది" అన్నా.

ఎప్పుడూ నోరు తెరవనివాడిని తెరిచి తెరిచి ఆ మాట అన్నా.

నాన్న లేచాడు. ఆ మొహం నేను ఇంతవరకు చూడలేదు. చిన్నపిల్లాడి మొహం. గది ఆ చివర మేకుకి సంచి వేలాడుతుంది, దాని దగ్గరికి వెళ్ళిపోయాడు. బకిల్ దులిపాడు. వెనక్కి తిరిగి, "ఎవరు ఫోన్ చేశారు? ఇన్‌స్పెక్టరా? ఇంక చూడక్కర్లేదన్నారా?" అన్నాడు.

ఇయర్‌ఫోన్లు చూపించా.

నాన్న వాటి వైపు చూశాడు. తర్వాత సంచి వైపు చూశాడు. గోడ పట్టుకుని, ధం... త, ధం... త అంటూ వచ్చి కూర్చున్నాడు. ఓహో, పాట బీటా అన్నాడు.

అమ్మ అన్నం పెడితే తిన్నాడు. నాన్నకి కోపం లేదు.

శుక్రవారం

కోపం లేదు. ప్లేయర్ టీవీ మీద ఉంది, ముట్టుకోలేదు. నేను కూడా.

శనివారం

కోపం లేదు.

ఆదివారం

లేదు అని ఎన్నిసార్లు రాస్తాను. ఉంది. కోపం కూడా కాదు. నేను చేసింది అంతకన్నా పెద్దది.

సోమవారం

బస్సులో ఉన్నా. గబగబా రాస్తున్నా, దిగేలోపు.

ఆ రోజు నాన్న లేచి సంచి దగ్గరికి వెళ్ళాడు. కర్ర ఎక్కడ ఉంది? కుర్చీకి ఆనించే ఉంది. నాకు బాగా గుర్తుంది, నేను వెళ్ళేటప్పుడు దానికి కాలు తగిలి పడబోతే పట్టుకున్నా. నాన్న దాన్ని తీసుకోలేదు.

గోడ పట్టుకోలేదు.

ధం... త కూడా వినపడలేదు. వెళ్ళేటప్పుడు వినపడలేదు. వచ్చేటప్పుడే వినపడింది.

అంటే నాన్న నడిచాడు. కాలుకి కడ్డీ ఉందన్న సంగతి మర్చిపోయి నడిచాడు.

సోమవారం, ఇల్లు

ఇంటికి వచ్చా కానీ చెప్పలేకపోయా. మళ్ళీ ఇంకేదో అర్థమవుతుందేమోనని భయం. నాన్న ముందు గదిలో, నేను లోపల గదిలో. మధ్యలో గోడ. నాన్న నంబర్‌కి మెసేజ్ పెట్టా.

నాన్నా ఆ రోజు నువ్వు సంచి దగ్గరికి కర్ర లేకుండా వెళ్ళావు. రెండు కాళ్ళు సమానంగా పడ్డాయి. నేను చూశా. నీకు వచ్చు.

అవతల గదిలో ఫోన్ టింగుమంది. ఫ్యాను చప్పుడు ఒకటే.

తర్వాత ధం... త.

నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో ప్లేయర్. "ఇదెలా ఆన్ చేస్తార్రా?"

మంగళవారం

అమ్మ కూనిరాగం చెవిలో పెట్టగానే నాన్న ఆగిపోయాడు. వంటింటి వైపు చూశాడు. ప్లేయర్ వైపు చూశాడు.

"మీ అమ్మ ఎప్పుడూ నా చెవిలోనే ఉండేది. ఇప్పుడు వైరు కూడా పెట్టావా?"

అమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది, ఏంటి గొడవ అని. ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆవిడ చెవిలో పెట్టాం. తన గొంతు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు నిన్ను ఊపిన ఊపురా ఇది అంది. కుక్కర్ కూత వచ్చేసరికి ముగ్గురం నవ్వాం. నాన్న పడీ పడీ నవ్వాడు.

తర్వాత నడిచాడు. కుదిరింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ ఇటు. గోడ పట్టుకోలేదు. కర్ర చేతిలోనే ఉంది కానీ నేలకి ఆన్చలేదు. గొడుగు మోసినట్టు మోశాడు.

గురువారం

కండలన్నకి చెప్పా. పూర్తిగా, నోటితోనే చెప్పా. ఆయన ఒక బరువు ఎత్తుతూ ఆగి మొత్తం విన్నాడు. ఊపు బాగుంది, కానీ కుంటుడుకే పాట కుదుర్చుకుని కూర్చుంటే కుంటుడే మిగులుతుంది, ఇంక పొట్టిదాన్ని సాగదీయి అన్నాడు. తెలియనివ్వకు అని మళ్ళీ చెప్పాడు.

అమ్మ గొంతుని సాగదీయలేను. కానీ దానితో పాటు దరువు నేను కొట్టొచ్చు. టిఫిన్ డబ్బా మూత మీద చెంచాతో కొట్టి రికార్డు చేశా. ఇవాళ అమ్మ ఊపు ఎలా ఉందో అలాగే. రేపటిదాంట్లో పొట్టిదాని తర్వాత దెబ్బ ఒక పిసరు ఆలస్యంగా కొడతా. ఎల్లుండి ఇంకో పిసరు.

శనివారం

పిసరు.

ఆదివారం

పిసరు ఎక్కువైంది. నాన్న తూలాడు. పాతది పెట్టేశా, మారు మాట్లాడకుండా నడిచాడు. నాన్నకి అనుమానం రాలేదు.

మంగళవారం

నాన్నకి మొదటి రోజు నుంచీ తెలుసంట. అమ్మ చెప్పింది. పిల్లాడు దాస్తున్నాడు, దాచనియ్యి అన్నాడంట.

గురువారం

అమ్మ గొంతు సౌండు తగ్గిస్తూ వచ్చా. ఇవాళ్టి దాంట్లో మూత చప్పుడు ఒక్కటే ఉంది. టక్ టక్ టక్ టక్. రెండూ సమానం. నాన్న సంచిలో పాత పుస్తకాలు నింపుకుని మేడ ఎక్కి దిగాడు. నేను కింద నిలబడి చెవులు రిక్కించి విన్నా. ఇంకా తెలుస్తుంది ఏది ఏ కాలో, కానీ బాగా వింటేనే.

రేపే. నాకేం భయం లేదు. నడిచేది నాన్న కదా.

చేతులు చల్లగా ఉన్నాయి, అది ఫ్యాను వల్ల.

శుక్రవారం

అంతా రాస్తా. ఒక్క ముక్క కూడా వదలను.

ఆఫీసు వెనక పెద్ద ఆవరణ. సైకిళ్ళు, వ్యాన్లు ఒక పక్కకి పెట్టేశారు. పోస్ట్‌మ్యాన్లు గోడ వెంట నిలబడ్డారు. ఒక పక్కంతా ముద్దర్ల గది కిటికీలు, లోపల పిన్నీ వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నేను ఆ కిటికీ పక్కనే నిలబడ్డా, ఎవరికీ కనపడకుండా ఉండొచ్చని.

నాన్న యూనిఫాం వేసుకున్నాడు. ప్లేయర్ జేబుకి తగిలించుకున్నాడు. సంచి నిండుగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. నవ్వుతూనే ఉన్నాడు. నాన్న చెవి వైపు చూసి, అవి తీసేయండి, డ్యూటీలో చెవులు ఖాళీగా ఉండాలి, వెనక బండి వస్తే ఎలా అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. నాన్న తీసి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశా.

కర్ర ఒక సైకిల్‌కి ఆనించి మొదలుపెట్టాడు.

ముందు బాగానే నడిచాడు. వ్యాన్ల దాకా బాగానే నడిచాడు. టక్ టక్. నేను మనసులో కొడుతూనే ఉన్నా. మలుపు తిరిగే చోట నేల కొంచెం పల్లంగా, తడిగా ఉంది. ఎవరో వ్యాను కడిగారు. ఆ తడి చూడగానే నాన్న భుజం బిగుసుకుంది. నాకు ఇక్కడి నుంచే కనపడింది. కాలు పెట్టాడు, నిప్పు తొక్కినట్టు తీశాడు.

ధం... త.

ధం... త.

ధం...... త.

ఆగబోతున్నాడు. ఆగితే అయిపోయింది. బజారు వెనక వీధులు, గుట్ట మీద చివరి ఇల్లు, అన్నీ అయిపోయినట్టే. అరవాలి అనుకున్నా. ఏమని అరవాలి? టక్ టక్ అని అరిస్తే నవ్వరా? నా చేతిలో మూత లేదు, చెంచా లేదు. పక్కన కిటికీ. కిటికీ లోపల బల్ల మీద ముద్దర్లు. చెక్క పిడి ఉన్న బరువైన ముద్దర్లు. ఇంకు దిండు మీద ఒక దెబ్బ, ఉత్తరం మీద ఒక దెబ్బ.

"పిన్నీ, ముద్దర్లు కొట్టండి."

రాలేదు. గొంతు రాలేదు. పెదాలు మాత్రమే కదిలాయి.

నాన్న చెయ్యి గోడ కోసం వెతికింది. అక్కడ గోడ లేదు.

"పిన్నీ! ముద్దర్లు కొట్టండి!"

ఆవరణ మొత్తం నా వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ కూడా. నా చెవులు కాలిపోతున్నాయి. పిన్ని ఒక్క క్షణం నా మొహం చూసింది. ఎందుకు అని అడగలేదు. "ఏ స్పీడురా?" అంది.

కిటికీ చెక్క మీద పిడికిలితో కొట్టి చూపించా. టక్ టక్ టక్ టక్.

పిన్ని మొదలుపెట్టింది. దిండు, ఉత్తరం, దిండు, ఉత్తరం. పక్కన కూర్చున్న ఆవిడ అందుకుంది. తర్వాత మూల కూర్చున్న ముసలాయన. తర్వాత గది మొత్తం. మామూలుగా ఎవరి దరువు వాళ్ళది, ఇప్పుడు ఒకటే దరువు. బల్లలు అదిరాయి. కిటికీ అద్దాలు అదిరాయి. పాదాల్లోంచి పైకి వచ్చింది ఆ చప్పుడు. నేను పిడికిలి ఆపలేదు.

నాన్న తల పైకెత్తాడు.

తడి మీద కాలు పెట్టాడు. తియ్యలేదు. ఉంచాడు. దాని మీద నిలబడి రెండో కాలు వేశాడు. భుజం దిగింది. తడి దాటాడు. మెట్ల దగ్గరికి వచ్చాడు, ఎక్కాడు, సంచి ఊగుతుంది, ముద్దర్లు పడుతున్నాయి, దిగాడు. గోడ వెంట ఉన్న పోస్ట్‌మ్యాన్లలో ఎవరో కాలితో కొట్టడం మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. నాన్న మొదలుపెట్టిన చోటికి వచ్చేశాడు. వచ్చి కూడా ఆగలేదు, ఇన్‌స్పెక్టర్‌ని దాటి నాలుగు అడుగులు వేసి అప్పుడు ఆగాడు.

ముద్దర్లు ఆగాయి.

ఆ చప్పుడేంటని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి, "పని చేస్తున్నామండీ. రోజూ ఇంతే బుద్ధిగా చేస్తాం" అంది. గది మొత్తం పకపకా నవ్వింది. ఆయన నవ్వు ఆపుకోవాలని చూశాడు, ఆపుకోలేకపోయాడు. చెవుల్లో ఏమీ లేవు కదా, ఇంక నేనేం అనను, సోమవారం నుంచి మీ బీటు మీరు చూసుకోండి అన్నాడు.

నాన్న నా దగ్గరికి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. నేను మళ్ళీ నేల చూడబోయా. గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"దొరికిందిరా నా బీటు."

ఈసారి ఏ బీటో ఇద్దరికీ తెలుసు.

పోస్ట్‌మ్యాన్లు నా వీపు చరిచి చరిచి పుండు చేశారు. పిన్ని ఇంకు చేత్తో నా బుగ్గ గిల్లింది. ఇంటికి వెళ్ళి చూసుకుంటే బుగ్గ మీద నల్లటి మచ్చ. కడుక్కోలేదు.

శనివారం

జిమ్ముకి వెళ్ళా. కండలన్న బుగ్గ మీద మచ్చ చూసి ఏమైందని అడిగాడు. మొత్తం చెప్పా. చుట్టూ ఉన్నవాళ్ళు మెషిన్లు ఆపి విన్నారు. మధ్యలో ఒకచోట నాకు తెలియకుండానే ట్రెడ్‌మిల్లు రాడ్డు మీద దరువు కొట్టి చూపించా. ఆ లావుపాటి ఆయన చప్పట్లు కొట్టాడు.

కండలన్న నాకు కొత్త పేరు పెట్టాలి అన్నాడు. ఇంకా తట్టలేదంట. లౌడ్‌స్పీకర్ అంటే ఒప్పుకోనని చెప్పా.

సోమవారం, పొద్దున

నాన్న ఇప్పుడే వెళ్ళాడు. ప్లేయర్ టీవీ మీదే వదిలేశాడు. కర్ర తలుపు వెనక ఉంది.

అమ్మ కిటికీలోంచి చూస్తానంది. నేను తలుపుకి చెవి ఆనించా. మూడో అంతస్తు, రెండో అంతస్తు, ఒకటి. సంచి బకిల్ చప్పుడు, అడుగుల చప్పుడు. బాగా విన్నా. చెవి నొప్పి పుట్టేదాకా విన్నా.

ఏది ఏ కాలో చెప్పలేకపోయా.